ఐదో దూలం

దూలం వంగుతుందంటే మామూలు మనుషులెవరూ నమ్మరు. కొమ్మ వంగుతుంది, కర్ర వంగుతుంది, వయసు మీదపడితే నడుం వంగుతుంది, కాంక్రీటు దూలం ఎక్కడైనా వంగుతుందా అని నవ్వుతారు. వంగుతుంది. పైన మనిషి నడిస్తే వంగుతుంది, బల్ల వేస్తే వంగుతుంది, ఏమీ వెయ్యకపోయినా తన బరువుకి తానే కాస్త వంగుతుంది. కాకపోతే ఆ వంగడం మిల్లీమీటర్లలో ఉంటుంది కాబట్టి మన కంటికి ఆనదు. అలా ఆననిదాన్ని ఆనేలా చెయ్యాలని గీతలమ్మ నాలుగు నెలలుగా తంటాలు పడుతోంది.

గీతలమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. భవనాలకి లెక్కలు కట్టే ఇంజనీరు గారి ఆఫీసులో పంతొమ్మిదేళ్ళుగా డ్రాయింగులు గీస్తోంది కాబట్టి ఎవరో సరదాగా అన్నారు, అది అతుక్కుపోయింది. ఇంజనీరు గారు అంకెలిస్తే వాటిని గీతలుగా మార్చి, కొలతలు వేసి, మేస్త్రి చేతిలో పెట్టగలిగే షీటు తయారుచెయ్యడం ఆమె పని. చదివింది డిప్లొమా. కానీ ఆమె షీటు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గీత మీద గీత పడదు, అక్షరం మీద అక్షరం ఎక్కదు, అంచు చుట్టూ గీసిన చట్రం దాటి చుక్క కూడా బయటికి పోదు. షీటు అడుగున కుడి మూల మూడు గళ్ళుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడిలో ఆమె పొడి అక్షరాలు, మూడో గడిలో ఇంజనీరు గారి సంతకం. నడిమి గడి కూడా ఇన్నేళ్ళూ ఆయనే నింపేవారు. ఆర్నెల్ల కిందట ఆయన అల్లుడు ఆఫీసులో చేరాడు. అప్పట్నించీ అది అల్లుడి గడి.

అసలు ఆమెకి ఈ ఆలోచన విసుగులోంచి పుట్టింది. ఇల్లు కట్టించుకునేవాళ్ళు వస్తారు, "ఈ బీము ఇంత లావెందుకండీ, కాస్త సన్నం చెయ్యకూడదా?" అంటారు. ఇంజనీరు గారు అంకెలు చెప్తారు. వాళ్ళు బుద్ధిగా తలూపుతారు, బయటికెళ్ళి మేస్త్రితో "సన్నం చేసెయ్" అని చెప్తారు. ఆ సన్నం చేసిన కథ మళ్ళీ ఈ ఆఫీసుకే వస్తుంది, పగుళ్ళేసుకుని. వీళ్ళకి ఒక్కసారి ఆ వంగడం కళ్ళారా చూపించగలిగితే బాగుండునని ఆమెకి ఎన్నిసార్లో అనిపించింది.

డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌కి మన సొంత పనులు కొన్ని నేర్పించవచ్చు. తలుపులకీ కిటికీలకీ వరసగా నెంబర్లు వేసే చిన్న ప్రోగ్రాము ఆమె ఎప్పుడో రాసుకుంది. అదే ధైర్యంతో ఇది మొదలుపెట్టింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పది నిమిషాల్లో ముగించి, అల్మారాలోంచి అట్ట ఊడిన లెక్కల పుస్తకం తీసి, పేజీకి ఒక కాయితం ముక్క గుర్తు పెట్టుకుంటూ, ఒక్కో సూత్రాన్నీ ప్రోగ్రాములోకి ఎక్కించింది. దూలం మీద క్లిక్ చేస్తే ఎంత బరువని అడగాలి. బరువు కొడితే దాని కింద ఎర్రగీత వంగి కనిపించాలి. అంతే.

అంతే అనుకుంది గానీ, మొదటిసారి నొక్కగానే దూలం కిందికి వంగడం మానేసి పైకి లేచి కూర్చుంది. ఎక్కడో ఒక్క గుర్తు తారుమారైంది. అది దిద్దితే రెండు కొసలూ గోడల మీంచి లేచి గాల్లో వేలాడాయి. అదీ దిద్దితే ఎర్రగీత అసలు కనిపించనే లేదు. వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, ఉన్నది ఉన్నట్టు గీస్తే ఆ ఒంపు గీత మందం కన్నా తక్కువ. కాబట్టి పెంచి చూపించాలి. వంద రెట్లు పెంచి చూసింది. చిన్న దూలాలు చక్కగా వంగాయి, పొడుగువి మాత్రం చట్రం దాటుకుని కింద గళ్ళలోకి చొరబడ్డాయి. ఆమెకి ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళలో ఒక్క గీతనీ గళ్ళలోకి రానివ్వని మనిషి. ఒంపు ఎంతున్నా కాయితం మీద సరిగ్గా రెండు సెంటీమీటర్లకి అమర్చుకోమని ప్రోగ్రాముకి ఇంకో రెండు వరసలు రాసింది. అసలు ఒంపు ఎన్ని మిల్లీమీటర్లో పక్కనే చిన్నక్షరాల్లో పడేలా చేసింది. షీటు చూడముచ్చటగా కుదిరింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

మంగళవారం నాడు ఇంజనీరు గారిని పిలిచి చూపించింది. ఆయన నిలబడే చూడ్డం మొదలుపెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇదెప్పుడు చేశావమ్మా?"

"భోజనాలప్పుడు సార్."

"నాలుగు నెలల్నించీ నువ్వు భోజనం చెయ్యట్లేదన్నమాట!" అని ఆయన పెద్దగా నవ్వారు. "బరువు పెంచు. ఇంకా పెంచు. అబ్బ! రేపు లైబ్రరీ వాళ్ళొస్తున్నారుగా, ముందు వాళ్ళకి చూపిద్దాం."

ఆ మెచ్చుకోలు ఆమెకి ఇంటిదాకా తోడొచ్చింది. బస్సులో నిలబడే వచ్చింది గానీ కాళ్ళు నొప్పెట్టినట్టే తెలియలేదు.

లైబ్రరీ సంగతి ఇది. పాత భవనం, రెండంతస్తులు. పైన పెద్ద హాలు, కింద పిల్లలు చదువుకునే గది. పై హాల్లో కొత్తగా ఇనప ర్యాకులు వెయ్యాలి. ఆ హాలుని మోసేవి ఎనిమిది దూలాలు. ఏడింటి పొడవు నాలుగున్నర మీటర్లు. ఐదోది ఒక్కటే ఏడు మీటర్లు, ఎందుకంటే ఎప్పుడో కింద రెండు గదులు కలిపి పిల్లల గది చేసినప్పుడు దాని కింద స్తంభం లేకుండా కట్టారు. అక్కడికి చేరాల్సినవాటిలో అన్నిటికన్నా బరువైనవి పాత వార్తాపత్రికల బైండింగులు. వాటిని వెనక గోడ దగ్గర పొట్టి దూలాల మీద పెట్టాలని ఇంజనీరు గారు ముందే లెక్క కట్టి చెప్పారు.

బుధవారం లైబ్రేరియన్ గారు వచ్చారు. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు, మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి పేపర్లన్నీ సర్దిపెట్టే అలవాటు. గీతలమ్మ కంప్యూటరు ముందు కూర్చుని మీటలు నొక్కుతుంటే ప్రొజెక్టరు వెలుగులో గోడ మీద ఎనిమిది దూలాలు ఎర్రగా వంగాయి.

"అయ్యో, ఇదా వంగడమంటే!" అంటూ ఆవిడ లేచి గోడ దగ్గరికెళ్ళి వేలితో ఒక ఒంపు తడిమారు. "ఇన్నాళ్ళకి మీ భాష నాకర్థమైందండీ. ఎవరు చేశారిది?"

గీతలమ్మ చేతులు మీటల మీద ఆగాయి. ఏం చెప్పాలో కూడా లోపల అనుకుంది, పెద్దగా ఏం లేదండీ, ఊరికే, అని.

"మా అల్లుడు," అన్నారు ఇంజనీరు గారు. "కొత్త తరం కదండీ. వీళ్ళ బుర్రలే వేరు."

అల్లుడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. టీ కప్పులోకి చూశాడు, టేబులు కిందికి చూశాడు, గీతలమ్మ వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. అతను చదివింది యంత్రాల చదువు. దూలాల లెక్క ఇంకా అతనికి పూర్తిగా పట్టుబడలేదని ఆఫీసులో గోడలకి కూడా తెలుసు.

"చాలా బాగా చేశావు బాబూ," అన్నారు లైబ్రేరియన్ గారు. "అయితే ఒకటడుగుతాను. ఆ పాత పేపర్లు వెనక గోడ దగ్గర వద్దండీ, అక్కడ చెమ్మ. ఇదిగో, ఈ ఐదో దాని మీద పెట్టుకుంటే? వెలుతురూ బాగుంటుంది. చూడండి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయిగా."

"కొట్టి చూడమ్మా," అన్నారు ఇంజనీరు గారు.

ఆమె బరువు కొట్టింది. ఎర్రగీత ఒక్కసారి మినుకుమని, మళ్ళీ ఉన్నచోటే నిలబడింది.

"ఏం మారలేదే!" అని లైబ్రేరియన్ గారు నవ్వారు, ఇంజనీరు గారూ నవ్వారు. చిన్నక్షరాల్లో అంకె మారింది. నలభై ఏళ్ళు అంకెలే చూసిన ఇంజనీరు గారు ఆ రోజు బొమ్మ చూశారు. గీతలమ్మ అంకే కాదు, బొమ్మ కూడా చూడలేదు. ఆమె కళ్ళ ముందు మసకగా ఉంది, ఏడుపు వస్తుందేమోనని భయంగా ఉంది. లైబ్రేరియన్ గారు ఆ షీటు నాలుగు ప్రింట్లు తీయించుకుని, చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. వచ్చే మంగళవారం నించి ర్యాకులు బిగించడం మొదలుపెడతామన్నారు.

అందరూ వెళ్ళాక ఇంజనీరు గారు ఆమె టేబులు దగ్గరికొచ్చారు. ఎప్పుడూ రారు.

"ఏమనుకోకమ్మా. రేపు ఈ ఆఫీసు నడపాల్సినవాడు వాడు. నలుగురి నోళ్ళలో వాడి పేరు పడాలి. నీదంటావా, నువ్వు ఇంట్లో మనిషివి."

"పరవాలేదు సార్," అంది ఆమె.

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఆ మాట నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. ఇంట్లో మనిషి! వండిందెవరని ఇంట్లో మనిషిని ఎవరూ అడగరు కదా. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే అరికాలి మంట నెత్తికెక్కింది, అదీ ఆలస్యంగా, ఎదురుగా ఎవరూ లేనప్పుడు.

మర్నాడంతా ముక్తసరిగా పనిచేసింది. అల్లుడు రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. "డోరు నెంబర్లు అర్జంటండీ" అని ఆమె తల తిప్పుకుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్య, అంటే భర్త తండ్రి, వరండాలో కూర్చుని టేపు రికార్డరంత రేడియో విప్పి పెట్టుకున్నాడు. బాగుచెయ్యడానికి కాదు, విప్పడమే ఆయన సరదా. ఒకప్పుడు సెంట్రింగ్ మేస్త్రి. కాంక్రీటు పోసే ముందు కింద చెక్కలూ పలకలూ కట్టి అచ్చు తయారుచేసే పనిలో ముప్ఫై అయిదేళ్ళు చేశాడు. కుడిచేతి బొటనవేలు సుత్తి దెబ్బకి ఎప్పుడో చదునైపోయింది.

"మొహం అలా ఉందేంటమ్మా?" అన్నాడు.

చెప్పకూడదనుకుంది. భర్త డ్యూటీ నించి వచ్చాక అతనికి చెప్పుకోవచ్చులే అనుకుంది. కానీ చెప్పేసింది. సంచిలోంచి షీటు తీసి మామయ్య ఒళ్ళో పరిచి, "ఇది నేను చేశాను మామయ్యా, నా పేరు చెప్పలేదు," అంది.

మామయ్య రేడియో పక్కకి జరిపి, షీటుని వెలుతురుకి పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు. ఆమె కోసం కోప్పడతాడనుకుంది. ఆయన షీటే చూస్తున్నాడు.

"ఇవన్నీ ఒకే మందమా?"

"ఒకటే."

"మరి ఇది పొడుగు కదమ్మా?" చదును వేలు ఐదో దూలం మీద పెట్టాడు. "పొట్టిదీ పొడుగుదీ ఒక్కలాగే వంగాయేంటి? నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటిది చూళ్ళేదే. పొడుగుదైతే అచ్చు కట్టేటప్పుడే నడుం దగ్గర కాస్త ఎత్తి కొట్టేవాళ్ళం, చెక్కలు తీశాక దిగుతుందని. పొట్టివాటికి ఆ బాధే ఉండేది కాదు."

"అది కాదు మామయ్యా, బొమ్మ కాయితంలో పట్టాలని నేను..."

ఆమె కూడా వంగి ఐదో దూలం వైపు చూసింది.

మామయ్య లేచి వెళ్ళి కిటికీకి ఆనించి ఉన్న చెక్కబద్ద తెచ్చాడు. రెండు పీటలు దగ్గరగా పెట్టి, బద్ద వేసి, నడుం మీద రేడియో పెట్టాడు. బద్ద కదల్లేదు. పీటలు దూరం జరిపి మళ్ళీ రేడియో పెట్టాడు. బద్ద జాలిగా కిందికి సాగింది. అప్పుడు ఆమె వైపు చూశాడు.

ఆమె షీటు లాక్కుని చిన్నక్షరాలు చదివింది. ఆమె వేసిన అక్షరాలే, ఆమే చదవడానికి కళ్ళకి దగ్గరగా పెట్టుకోవాల్సి వచ్చింది. పొట్టి దూలాలన్నీ ఐదు మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. ఐదోది ముప్ఫై ఒకటి. దాని పొడవుకి ఇరవై దాటకూడదని పుస్తకంలో ఉంది. పొడవు రెట్టింపైతే ఒంపు పదహారు రెట్లవుతుందన్న సూత్రం ఆమె చేత్తోనే ఎక్కించింది. అన్నీ తెలుసు. తెలిసి, ఐదు మిల్లీమీటర్లనీ ముప్ఫై ఒక్క మిల్లీమీటర్లనీ ఒకే రెండు సెంటీమీటర్ల ఒంపుగా గీసి, గోడ మీద చూపించింది. షీటు అందంగా ఉండాలని.

కింద పిల్లల గది.

శుక్రవారం పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఇంజనీరు గారి టేబులు మీద పాత షీటూ, వంద రెట్లకి మార్చి తీసిన ప్రింటూ పక్కపక్కన పరిచింది. కొత్తదాంట్లో పొట్టివి కాస్త కాస్త వంగాయి, ఐదోది పొట్టలా కిందికి దిగింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, కాలిక్యులేటరు లాక్కుని, పెదాలు కదుపుతూ లెక్క కట్టారు. రెండుసార్లు కట్టారు. కాలిక్యులేటరు పక్కన పెట్టి మొహం తుడుచుకున్నారు.

"నేను అంకె చూడాల్సింది," అన్నారు నెమ్మదిగా. అది ఆయన మంచితనమే. కానీ ఆ వెంటనే, "సరే, కొంప మునిగిందేమీ లేదు. కూలిపోయే ఒంపు కాదిది, పగుళ్ళొచ్చే ఒంపు. పేపర్లు వెనక గోడ దగ్గరే పెట్టుకోమని ఫోన్ చేస్తాను. ఎందుకూ ఏమిటీ చెప్పక్కర్లేదు," అన్నారు.

"ఆవిడ దగ్గర నాలుగు ప్రింట్లున్నాయి సార్. అన్నీ ఒక్కలాగే ఉన్నాయన్న బొమ్మ ఆవిడ నమ్మేశారు. ఇవాళ కాకపోతే రేపు ఇంకేదో దాని మీద పెడతారు."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టారు, తీసి పెట్టారు. "అయితే రేపు వెళ్ళి చెప్దాం. ఈ బొమ్మ గీసే టూల్లో ఏదో చిన్న పొరపాటుందని వీడు చెప్తాడు. వీడు చేశాడనే కదా ఆవిడకి తెలుసు."

పక్కన నిలబడ్డ అల్లుడు షీటు మీంచి చూపు తిప్పేసుకున్నాడు. గీతలమ్మకి, నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం సంతోషమేసింది. బాగా అయింది, తగిన శాస్తి అనుకుంది. మెచ్చుకోలు తీసుకున్నవాడే తిట్లూ తీసుకోనీ. ఆ సంతోషంతోనే భోజనం డబ్బా తెరిచింది. రెండు ముద్దలు తినేసరికి ఏదో తేడాగా అనిపించింది. తప్పు ఎందుకు జరిగిందో అతనేం చెప్తాడు? అతనికి తెలియదుగా. "సాఫ్ట్‌వేర్ కదండీ" అంటాడు. ఆ రెండు వరసలు ఎవరు రాశారో, ఏ కక్కుర్తితో రాశారో ఈ లోకంలో ఆమె ఒక్కతికే తెలుసు.

శనివారం ముగ్గురూ లైబ్రరీకి వెళ్ళారు. పిల్లల గదిలో చిన్న చిన్న బల్లలు, గోడలకి పిల్లలు వేసిన ఏనుగులూ పడవలూ. ఒక పిల్ల బోర్లా పడుకుని, కాళ్ళు గాల్లో ఊపుతూ బొమ్మల పుస్తకం చూస్తోంది. సరిగ్గా ఐదో దూలం కింద. లైబ్రేరియన్ గారు గీతలమ్మ షీటుని గోడకి పిన్నులు గుచ్చి అతికించేశారు కూడా.

"చూశారా, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను," అన్నారు ఆవిడ. "మా కమిటీ వాళ్ళు కూడా ఎంత మెచ్చుకున్నారో. మిగతా రెండు లైబ్రరీలకీ ఇలాగే గీసివ్వాలి బాబూ."

ఇంజనీరు గారు దగ్గారు. అల్లుడు ఒకడుగు ముందుకేసి నీళ్ళు నమిలాడు. "అదే మేడమ్... నేను చేసిన ఆ టూల్లో... ఒక చిన్న పొరపాటు..."

"ఆ పొరపాటు నాదండీ," అంది గీతలమ్మ.

గొంతు ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. బోర్లా పడుకున్న పిల్ల కూడా తలెత్తి చూసింది.

"టూలు చేసింది నేనే. అతనికి దాని సంగతే తెలీదు. పొట్టిదైనా పొడుగుదైనా బొమ్మలో ఒంపు రెండు సెంటీమీటర్లే ఉండాలని నేనే రాశాను. కాయితం మీద చక్కగా కుదరాలని రాశానండీ. తప్పు చేశాను."

పేరు పోతే పోయిందనుకుంది గానీ, తప్పు కూడా ఇంకొకరిదైపోతే ఆమెకి తట్టుకోవడం కష్టమైంది. నాలుగు నెలల మధ్యాహ్నాలు అందులో ఉన్నాయి.

ఇంజనీరు గారు కిటికీ వైపు తిరిగారు. లైబ్రేరియన్ గారు గొలుసు కళ్ళద్దాలు ఎత్తి పెట్టుకుని, అల్లుణ్ణీ, మామగారినీ, గీతలమ్మనీ వరసగా చూశారు. ఆవిడ ఏళ్ళ తరబడి పుస్తకాలు సర్ది, ఏది ఏ అరలోదో చప్పున తెలుసుకునే మనిషి.

"నాకర్థమయ్యేట్టు చెప్పండి," అన్నారు గీతలమ్మతో.

గీతలమ్మ చెప్పలేదు, చూపించింది. సంచిలోంచి మామయ్య ఇచ్చిన దారపుండ తీసింది. నిచ్చెన తెప్పించింది. ఒక కొస అల్లుడి చేతికిచ్చి, "బల్ల ఎక్కి దూలం అడుగున, ఆ చివర గోడకి ఆనించి పట్టుకోండి. లాగి పట్టుకోండి, సడలనివ్వద్దు," అంది. ఇంకో కొస ఇంజనీరు గారు, ఎవరూ అడక్కుండానే వచ్చి, బల్ల మీదెక్కి పట్టుకున్నారు. దారం బిగుసుకుంది. రెండు కొసల దగ్గరా దూలానికి తాకింది, నడుం దగ్గర మాత్రం దూలమే దారాన్ని కిందికి నొక్కుతోంది.

"రెండు చివరలా ఇరవై మిల్లీమీటర్ల చెక్కముక్కలు పెట్టి, వాటి మీంచి పట్టుకోండి," అని ముక్కలందించింది. ఇప్పుడు దారం దూలానికి దూరంగా తిన్నగా నిలిచింది. ఆమె నిచ్చెనెక్కి నడుం దగ్గర స్టీలు స్కేలు పెట్టింది. దారానికీ దూలానికీ మధ్య రెండే రెండు మిల్లీమీటర్లు.

"కొసల్లో ఇరవై, ఇక్కడ రెండు," అంది. "ఏమీ పెట్టకుండానే పద్దెనిమిది దిగిందండీ. లెక్క పద్నాలుగన్నది. కాంక్రీటు ఏళ్ళ తరబడి నెమ్మదిగా ఇంకాస్త కూర్చుంటుంది కదా. దీని మీద మీ పేపర్లు పెడితే..."

లైబ్రేరియన్ గారు చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిచ్చెన మూడు మెట్లెక్కారు. ఆ సందులో వేలు పెట్టబోయారు. పట్టలేదు. గోరు మాత్రం పట్టింది. అలాగే కాసేపు ఉండి దిగొచ్చారు. వెళ్ళి బోర్లా పడుకున్న పిల్లతో, "లేమ్మా, ఆ కిటికీ దగ్గర కూర్చో, వెలుతురు బాగుంటుంది," అన్నారు. ప్రమాదమేమీ లేదని ఇంజనీరు గారు అంటూనే ఉన్నారు, ఆవిడ వినిపించుకోలేదు.

తర్వాత గోడ మీద షీటు పిన్నులు ఊడదీసి మడతపెట్టారు.

"పేపర్లు పొట్టివాటి మీదే పెడదాం. చెమ్మకి ఏదో దారి చూస్తాను. కానీ నాకు ఇంకో షీటు కావాలి. ఐదోదాని మీద పేపర్లు పెడితే ఏమవుతుందో ఉన్నదున్నట్టు గీసివ్వండి. పై హాలు తలుపుకి అంటిస్తాను. నేను రిటైరయ్యాక వచ్చేవాళ్ళు కూడా వెలుతురు బాగుందని అక్కడే పెడతారు." ఆవిడ గీతలమ్మ వైపు తిరిగారు. "మీరే గియ్యాలి. మీకైతే ఎక్కడ తప్పు జరిగిందో తెలుసు."

ముగ్గురూ కారులో తిరిగొచ్చారు. ఆఫీసు ముందు దిగాక ఇంజనీరు గారు తాళాలు వెతుక్కుంటూ, ఆమె మొహం చూడకుండా, "దారం మంచి ఆలోచనమ్మా," అన్నారు.

"మామయ్యది సార్," అంది ఆమె. వెంటనే అంది, ఆలోచించకుండా. ఆయన తాళం చెవి కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, తలుపు తీశారు.

సోమవారం ఆమె షీటు మొదలుపెట్టింది. ఎనిమిది దూలాలు, కాయితం మీద పొడవు యాభయ్యో వంతు, ఒంపు మాత్రం అన్నిటికీ దానికి ఒకటే వంద రెట్లు. ఆ సంగతి పెద్దక్షరాల్లో నెత్తినే రాసింది. ఐదోది పొడుగు కాబట్టి అడుగు వరసలో, కుడివైపు తప్ప ఇంకెక్కడా పట్టలేదు. బరువు కొట్టింది. ఎర్రగీత దిగింది. రెండు సెంటీమీటర్లు, మూడు, నాలుగు, చట్రం గీత దాటింది, ఆరు దాటి సరిగ్గా మూడు గళ్ళ మధ్యలోకి వచ్చి ఆగింది. నడిమి గడిని రెండు ముక్కలు చేసింది.

అలవాటు కొద్దీ ఆమె చెయ్యి దాన్ని పైకి జరపడానికి వెళ్ళింది. వెళ్ళి ఆగింది.

ఇంజనీరు గారు ప్రింటు చేతిలోకి తీసుకుని, "ఇదేంటమ్మా, గీత గళ్ళలోకొచ్చింది! నీ షీటేనా ఇది? కాస్త పైకి జరుపు," అన్నారు.

"జరిపితే కుదించాలి సార్. అది అంతే వంగుతుంది. ఉండనివ్వండి."

ఆయన ఆమె వైపు చూశారు, షీటు వైపు చూశారు. పెన్ను మూత తీసి, మూడో గడిలో, ఎర్రగీతకి తగలకుండా ఒక పక్కకి ఒదిగించి సంతకం పెట్టారు. షీటు అల్లుడి ముందుకి జరిపి వెళ్ళిపోయారు.

అల్లుడు పెన్ను పట్టుకుని నడిమి గడి వైపు కాసేపు చూశాడు. తర్వాత షీటు తీసుకొచ్చి ఆమె టేబులు మీద పెట్టాడు.

"నేను సరిచూడలేదక్కా. చూడ్డం రాదు." ఈ ఆర్నెల్లలో అతను ఆమెని ఏమని పిలవాలో తేల్చుకోలేక ఏమనీ పిలవలేదు. "ఆ రోజు మామయ్యగారు అలా అన్నప్పుడు చెప్పాల్సింది. నోరు రాలేదు."

ఆమె పరవాలేదు అనబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"చెప్పాల్సిందే," అంది. "చాలా బాధేసింది నాకు."

అతను తల దించుకున్నాడు. తర్వాత ఆమె తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని, అల్మారాలోంచి అట్ట ఊడిన పుస్తకం తెచ్చి, మొదటి కాయితం ముక్క దగ్గర తెరిచి అతని ముందు పెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళకి అతను ఐదో దూలం లెక్క చేత్తో కట్టాడు. మొదటిసారి దూలం పైకి లేచింది. ఆమె పకపకా నవ్వి, గుర్తు ఎక్కడ తప్పిందో వెతుక్కోమంది. రెండోసారి ముప్ఫై ఒకటి వచ్చింది.

అప్పుడతను నడిమి గడిలో, ఎర్రగీతకి ఇటు ఒక అక్షరం, అటు ఒక అక్షరం వేశాడు. ఆమె షీటు చుట్టి, లైబ్రరీకి పంపాల్సిన వాటిలో పెట్టి, చేతులు కడుక్కుని డబ్బా తెరిచింది.